బైమంత్లీ అంటే ఏడాదికి ఎన్నిసార్లు?

రిజర్వ్ బ్యాంకు పరపతి విధాన ప్రకటనకు అధికారికంగా 'బైమంత్లీ' అనే విశేషణం ఉంటుంది. నిఘంటువు తెరిస్తే ఈ మాటకు రెండు అర్థాలు కనిపిస్తాయి. నెలకు రెండుసార్లు అన్నది ఒకటి, రెండు నెలలకోసారి అన్నది మరొకటి. మొదటి లెక్కన ఏడాదికి 24, రెండో లెక్కన ఆరు. రిజర్వ్ బ్యాంకు రెండో అర్థంలోనే వాడుతుంది. బ్యాంకు పరీక్షలకు చదివేవారికి పరపతి విధాన కమిటీ ఏడాదికి ఆరుసార్లు కూర్చుంటుందని ముందే తెలుసు కాబట్టి ఇక్కడ తడబడరు. ఇబ్బంది ఎక్కడంటే, ఇదే మాట కొత్త కంపెనీ పంపిన ఆఫర్ లెటర్‌లోనో, ప్రాజెక్టు మెయిల్‌లోనో ఎదురైనప్పుడు.

తెలుగులో మనకు ఈ చిక్కు లేదు. ద్వైమాసిక పత్రిక అంటే రెండు నెలలకోసారి వచ్చేదే, పక్షపత్రిక అంటే నెలకు రెండుసార్లు వచ్చేదే. ఇంగ్లిష్‌లో 'బై' అనే ఉపసర్గ వారానికి, నెలకు ముందు చేరితే రెండు వైపులా తిరుగుతుంది. బైవీక్లీ అంటే వారానికి రెండుసార్లు కావచ్చు, రెండు వారాలకోసారీ కావచ్చు.

అమెరికాలో చదువు ముగించుకుని ఉద్యోగంలో చేరే మన పిల్లలు ఈ మాటను మొదట చూసేది జీతం కాగితంలోనే. అక్కడ బైవీక్లీ జీతమంటే రెండు వారాలకోసారి, మామూలుగా ఏడాదికి 26 చెల్లింపులు. సెమీ మంత్లీ అంటే నెలకు రెండుసార్లు, ఏడాదికి 24. ఏడాది జీతం 78 వేల డాలర్లనుకుంటే పన్నులు కోయక ముందు మొదటి పద్ధతిలో ఒక్కో విడతకు 3,000, రెండో పద్ధతిలో 3,250 చేతికొస్తాయి. మొత్తం ఒక్కటే అయినా ఇంటి అద్దె, విద్యారుణం వాయిదా నెలవారీగా కట్టాలి. బైవీక్లీ పద్ధతిలో చాలా నెలల్లో రెండే విడతలు వస్తాయి. ఏడాదిలో ఏవో రెండు నెలల్లో మాత్రం మూడు పడతాయి. ఖర్చుల పట్టిక నెలకు రెండు విడతల లెక్కనే వేసుకోవాలి. ఇక్కడ ఉపయోగపడే ఆనవాలు ఒకటుంది. 'సెమీ' అంటే సగం, ఆ అర్థం మారదు. సెమీ యాన్యువల్ అన్నా అర్ధ సంవత్సరానికోసారే.

మీరే రాయాల్సి వస్తే బైవీక్లీ, బైమంత్లీలను పూర్తిగా పక్కన పెట్టమంటాను. 'ట్వైస్ ఎ వీక్' అనండి, 'ఎవ్రీ టూ వీక్స్' అనండి, వీలైతే మొదటి తేదీ కూడా రాయండి. ఎదుటివారు ఆ మాట వాడితే ఏ అర్థంలో అన్నారో అడగడానికి మొహమాటపడకండి. అనుభవమున్న మేనేజర్లూ అడుగుతారు.

పోటీ పరీక్షల్లో ఎక్కువగా దెబ్బతీసే జంట బైయాన్యువల్, బైఎన్నియల్. మొదటిది ఏడాదికి రెండుసార్లు, రెండోది రెండేళ్లకోసారి. బట్టీపడితే పరీక్ష గదిలో తారుమారవుతాయి, సంఘటనలతో ముడిపెడితే నిలుస్తాయి. రాజ్యసభ సభ్యుల పదవీకాలం ఆరేళ్లు, ప్రతి రెండేళ్లకు మూడో వంతు మంది విరమిస్తారు. ఆ ఖాళీలకు జరిగేవే బైఎన్నియల్ ఎన్నికలు. మన రెండు రాష్ట్రాల శాసన మండళ్లకూ ఇదే పద్ధతి. డెహ్రాడూన్‌లోని ఫారెస్ట్ సర్వే ఆఫ్ ఇండియా 1987 నుంచి ఇస్తున్న అటవీ స్థితి నివేదిక కూడా బైఎన్నియలే. మేడారం సమ్మక్క-సారలమ్మ జాతర రెండేళ్లకోసారి అని మనకు ఎవరూ నేర్పనక్కర్లేదు, దాన్నే గుర్తుగా పెట్టుకోండి. బైయాన్యువల్‌కు గుర్తు రిజర్వ్ బ్యాంకు ఆర్థిక స్థిరత్వ నివేదిక. అది జూన్‌లో ఒకటి, డిసెంబరులో ఒకటి వస్తుంది. అయితే దాన్ని చాలాచోట్ల 'హాఫ్ ఇయర్లీ' అనే రాస్తారు. మీరు రాసేటప్పుడూ అదే మంచి మాట.

ఫోర్ట్‌నైట్ సంగతి ఇంకాస్త లోతైనది. పుట్టుకలో ఆ మాట 14 రాత్రులు. మన బ్యాంకింగ్ చట్టంలోనూ చాలాకాలం అంతే ఉండేది. శనివారంతో మొదలై ఆ తర్వాతి రెండో శుక్రవారంతో ముగిసేది ఫోర్ట్‌నైట్. బ్యాంకులు నగదు నిల్వల నిష్పత్తిని ఆ కొలతతోనే లెక్క చూపేవి. 2025 బ్యాంకింగ్ చట్టాల సవరణ ఆ నిర్వచనాన్ని మార్చింది. ఇప్పుడు నెలలో 1 నుంచి 15 వరకు ఒకటి, 16 నుంచి నెలాఖరు వరకు మరొకటి. పాత లెక్కన ఏడాదికి 26 వచ్చేవి, కొత్త లెక్కన 24. బైవీక్లీకి, సెమీ మంత్లీకి ఉన్న తేడా అచ్చంగా ఇదే. బ్యాంకు ఉద్యోగాల ఇంటర్వ్యూకు వెళ్లేవారు ఈ సవరణను ఒకసారి చదువుకుని వెళ్లాలి. ఇంకో సంగతి, అమెరికన్లు ఫోర్ట్‌నైట్ అనే మాటను చాలా అరుదుగా వాడతారు. అక్కడి క్లయింట్‌కు మెయిల్ రాస్తే 'టూ వీక్స్' అనడమే నయం.

పెద్ద కాలాలకు క్విన్‌క్వెన్నియల్ అంటే అయిదేళ్లకోసారి, పశుగణన లాంటివి. డిసెన్నియల్ అంటే పదేళ్లకోసారి, జనగణన. 1881 నుంచి 2011 దాకా తప్పకుండా సాగిన ఆ క్రమం 2021లో తెగిపోయి ఇప్పుడు 2027కు చేరింది. నూటయాభై ఏళ్లకు సెస్‌క్విసెంటెన్నియల్ అనే కఠినమైన మాట ఉంది. సర్దార్ పటేల్ 150వ జయంతి 2025లో వచ్చింది కాబట్టి ఇలాంటి ప్రశ్న రావడానికి అవకాశం ఎక్కువ. పెరెన్నియల్‌ను మాత్రం ఈ వరుసలో కలపకండి. అది ఏటా వచ్చేది కాదు, ఏడాది పొడవునా ఉండేది. జీవనది పెరెన్నియల్.

కంపెనీల్లో రోజూ వినిపించే 'క్వార్టర్' దగ్గర కూడా ఒక జాగ్రత్త అవసరం. మన ఆర్థిక సంవత్సరంలో మొదటి త్రైమాసికం ఏప్రిల్‌తో మొదలవుతుంది. క్యాలెండర్ సంవత్సరాన్ని పాటించే అమెరికా కంపెనీలో అది జనవరితో మొదలవుతుంది. క్యూ టూ టార్గెట్ అనగానే ఎవరి క్యూ టూ అన్నది తేల్చుకోవాలి.

ఇక మాట్లాడే ఇంగ్లిష్‌లో 'ఎంత తరచుగా' అన్నది చెప్పే మాటలు. 'సెల్డమ్', 'రేర్లీ', 'హార్డ్లీ ఎవర్' అనే మాటల్లోనే 'కాదు' దాగి ఉంది. వాటికి మళ్లీ 'నాట్' చేర్చితే అర్థం తలకిందులవుతుంది. తప్పులు గుర్తించమనే ప్రశ్నల్లో ఈ పొరపాటు తరచూ కనిపిస్తుంది. 'ఆల్వేస్', 'ఆఫెన్' లాంటివి మామూలు క్రియకు ముందు వస్తాయి, 'యామ్', 'ఈజ్' లాంటి వాటికి తర్వాత వస్తాయి. 'ఐ ఆఫెన్ రీడ్' అంటాం, 'ఐ యామ్ ఆఫెన్ లేట్' అంటాం. మన నోట అలవాటుగా వచ్చే 'డైలీ ఐ విల్ రీడ్' బదులు 'ఐ రీడ్ ఎవ్రీ డే' అనాలి. పేపరు ఎంత తరచుగా చదువుతావని ఇంటర్వ్యూలో అడిగితే చాలామంది 'రెగ్యులర్‌గా' అని ఆగిపోతారు. ఆ జవాబులో అడిగినవారికి తెలిసేదేమీ లేదు. ఎంప్లాయ్‌మెంట్ న్యూస్ ప్రతి వారం, యోజన ప్రతి నెలా చదువుతాననండి. నిజంగా చదివితేనే అనండి, ఎందుకంటే మరుక్షణమే ఈ నెల యోజనలో ఏముందని అడుగుతారు.