అప్పిచ్చు దేవుడు

తైవాను ద్వీపమునందలి జిల్లాలలో సముద్రపుటొడ్డు లేనిది నాన్‌తౌ ఒక్కటియే. ఆ జిల్లాకు పడమటి దెస, కొండలు దిగివచ్చి మైదానమును తాకుచోట, జూషాన్ అను ఊరు కలదు. ఆ మాటకు వెదురుకొండ యని అర్థము. ఆ ప్రాంతమున వెదురు విస్తారముగా పెరుగును. తైవాను నదులలోనెల్ల పొడవైన జువోష్వే నది ఆ చేరువనే పాఱుచుండును. కొండలనుండి ఒండ్రు మోసికొని వచ్చుటచే దానికి కలకనీరు అను అర్థమిచ్చు ఆ పేరు కలిగినది.

జూషాన్‌కు చేరిన షెల్యావ్ పల్లెలో జినాన్ గోంగ్ అను దేవాలయమున్నది. అది 1745వ సంవత్సరమున వెలసినదని ఆలయ చరిత్ర చెప్పును. కట్టడము మిక్కిలి పెద్దది కాదు. ఐనను ఏటేట లక్షలకొలది జనులు అచ్చటికి వత్తురు. దేవుని కడకు పోవువారు సామాన్యముగా వరములు కోరుదురు. ఇచ్చటికి వచ్చువారు అప్పు అడుగుదురు.

ఇచ్చట వెలసిన దేవుడు తూదిగోంగ్. భూమికి పెద్దాయన యని ఆ పేరునకు అర్థము చెప్పవచ్చును. దేవలోకమున కూడ రాజకొలువు, అధికారులు, వారి హోదాలు ఉన్నవని చీనా జానపదుల నమ్మకము. ఆ కొలువులో తూదిగోంగ్‌ది చాల చిన్న ఉద్యోగము. ఒకప్పటి మన గ్రామకరణము పదవి వంటిది. ఒక్కొక్క ఊరికి, ఒక్కొక్క పేటకు, తుదకు పొలము గట్టుకు సైతము ఒక్కొక్క తూదిగోంగ్ ఉండును. తెల్లని గడ్డముతో, నవ్వుమొగముతో, చేత పడవ ఆకారపు బంగారు ముద్దను పట్టుకొని కూర్చుండిన ముదుసలి రూపమున ఆయనను మలచుదురు. భూమినుండి పంట, పంటనుండి ధనము పుట్టును గదా! కనుక రైతుల దేవుడే క్రమముగా వర్తకులకును దేవుడాయెను. చాంద్రమాసమున రెండవనాడును, పదునారవనాడును దుకాణదారులు ఆయనకు నైవేద్యములు పెట్టుదురు.

తైచుంగ్ నగరమున ఒక వీధిమూలను నూడిల్సు బండి నడుపుకొను చిన్న వర్తకుడొకడు ఈ ఆలయమునకు వచ్చెననుకొందము. బేరము మందగించినది; చేతిలో సొమ్ము ఆడుటలేదు. అతడు అగరువత్తులు వెలిగించి, దేవుని యెదుట నిలిచి, తన పేరును, పుట్టిన తేదీని, నివాసమును విన్నవించుకొనును. తానేమి వ్యాపారము చేయుచున్నాడో, అప్పు ఎందులకు కావలెనో చెప్పును. పిమ్మట ఆరువందల తైవాను డాలర్లు ఇప్పింపుమని అడుగును. ఒక మనిషికి ఆలయమిచ్చు అప్పునకు అదియే గరిష్ఠ పరిమితి. ముగ్గురు నలుగురు సామాన్యమైన హోటలులో భోజనము చేసినచో అంత సొమ్ము వ్యయమగును.

దేవుని సమాధానము తెలిసికొనుటకు రెండు బిళ్లలుండును. వాటిని ‘పోయె’ అందురు. అవి నెలవంక ఆకారమున చెక్కబడి, ఒకవైపు చదునుగను, మరియొకవైపు ఉబ్బెత్తుగను ఉండును. రెండింటిని దోసిట పట్టి నేలపై విడువవలెను. ఒకటి చదునువైపును, మరియొకటి ఉబ్బెత్తువైపును పైకి చూపినచో దేవుడు సమ్మతించినట్లు. రెండును చదునువైపే చూపినచో దేవుడు నవ్వుచున్నాడని చెప్పుదురు. అది ఔననుటయు కాదు, కాదనుటయు కాదు. రెండును ఉబ్బెత్తువైపే చూపినచో కాదన్నట్లే.

మొదటి పర్యాయమే సమ్మతి దొరికినచో ఆరువందలు లభించును. దొరకనిచో ఐదువందలకు దిగి మరల అడుగవలెను. అప్పటికిని కానిచో నాలుగువందలు. ఈ విధముగా నూరు వరకు ఆరు పర్యాయములు అడుగవచ్చును. ఆరింటను సమ్మతి దొరకనివాడు ఆ దినమునకు వట్టిచేతులతో మరలిపోవలసినదే. లెక్కలయందు ఆసక్తిగల విద్యార్థి ఇచ్చట ఒక్క క్షణము ఆగవచ్చును. ప్రతి పర్యాయము ఔననుటకును, కాకపోవుటకును సమానావకాశమున్నదనుకొన్నచో, ఆరుసార్లును విఫలుడగువాడు అరువదినలుగురిలో ఒక్కడు మాత్రమే. ముసలి దేవుడు అప్పు అడిగినవారిని తఱచుగా త్రిప్పిపంపడని దీనివలన తేలుచున్నది.

సమ్మతి దొరికినవాడు పూజామందిరమునుండి గుమాస్తాల బల్లవద్దకు పోవును. వారు అతని గుర్తింపు కార్డును చూచి, పేరును చిరునామాను వ్రాసికొని, సొమ్ము చేతికిత్తురు. తాకట్టు లేదు, జామీను లేదు, వడ్డీ ఇంతయని నిర్ణయము లేదు. ఒక యేడాదిలో తిరిగి చెల్లింపవలెను. అసలుకు పైన ఎంత చేర్చుట యనునది పుచ్చుకొన్నవాని మనస్సునకు వదలబడినది. నూడిల్సు వర్తకుడు ఆ సొమ్మును ధూపపు పొగమీదుగా త్రిప్పి జేబులో భద్రపరచుకొనును. దానిని వెంటనే ఖర్చుపెట్టుట ఆచారము కాదు. కొందరు బ్యాంకులో తమ సొమ్ముతో కలిపి వేయుదురు. కొందరు గల్లాపెట్టెలో ఉంచుదురు. దానిని ‘డబ్బుతల్లి’ యందురు. తల్లి యున్నచోట పిల్లలు చేరునని వారి ఆశ.

ఆరువందల డాలర్లతో ఏ వ్యాపారమును నిలువబడదు. ఆ సంగతి అప్పిచ్చు గుమాస్తాకును తెలియును, పుచ్చుకొన్న వర్తకునకును తెలియును. మఱి అతడు ఇంటికి కొనిపోవునది యేమి? ఒక గడువు. తెల్లవారి బండి త్రోయునపుడును, రాత్రి చిల్లర లెక్కించునపుడును, యేడాది తిరుగకమున్ను జూషాన్‌కు మరల పోవలయునన్న తలంపు అతని వెన్నంటి యుండును. మనుష్యుల అప్పును ఎగవేయ సాహసించువాడు సైతము, తన పేరును ఊరును తన నోటనే దేవునికి చెప్పి తెచ్చిన అప్పును ఎగవేయుటకు జంకును.

దేవునివద్ద అరువు తెచ్చి అధికముగా చెల్లించుట తైవానులో ఈ ఒక్కచోటనే కాదు. ఆ దేశమునకు చెందిన పెంఘు దీవులలో, మొదటి చాంద్రమాసపు పున్నమికి జరుగు దీపోత్సవమున, తాబేలు రూపమున చేసిన బియ్యపుపిండి వంటకములను ఆలయములలో పెట్టుదురు. పోయె విడిచి సమ్మతి పొందినవారు వాటిని ఇంటికి కొనిపోయి, మరుసటి యేడు అంతకన్న పెద్ద తాబేలును తెచ్చి సమర్పింతురు. ఆ విధముగా కొన్ని తాబేళ్లు ఏటేట పెరుగుచు పోవును.

జినాన్ గోంగ్‌లోను అట్లే జరుగుచున్నది. అనేకులు తాము తెచ్చినదానికంటె అధికముగా చెల్లింతురు. పోయినది వచ్చినదానిలో పూడిపోవుచున్నందున అప్పిచ్చుట ఆగలేదు. ఆలయమునకు చేరిన సొమ్ములో కొంత ఊరిమేలునకు వినియోగింతురు. యాత్రికులకొఱకు వెదురుమొలకల ఆకారమున ఆలయమువారు కట్టించిన మరుగుదొడ్డి ఎంత ముచ్చటగా నున్నదనగా, దేవుని చూచినవారు దానిని గూడ చూచిగాని మరలరు.

యేడాది నిండవచ్చినది. మన వర్తకుడు మరల వచ్చి గుమాస్తాల బల్లవద్ద వరుసలో నిలిచెను. బేరము గొప్పగా పెరుగలేదు గాని బండి మూతపడలేదు. అసలు ఆరువందలకు తోడు మరి రెండువందలు చేర్చి చెల్లించెను. గుమాస్తా అతని పేరు వెదకి లెక్క కొట్టివేసెను. అతడు బయటికి పోలేదు. రెండు అగరువత్తులు కొనుక్కొని, తిరిగి దేవుని యెదుటికి పోయి, పోయె బిళ్లలను దోసిట పట్టుకొనెను.