గుల్లసున్నం నుంచి ఎముక పొడి దాకా

కెమిస్ట్రీలోనో సిరామిక్స్‌లోనో పీజీ చేసి, గుడ్డు పెంకులతో ఎముక పొడి తయారుచేసే ల్యాబులో చేరబోతున్నారా? మొదటి అంచెకు భయపడనక్కర్లేదు. గవ్వలు, ఆల్చిప్పలు బట్టీలో కాల్చి గుల్లసున్నం తీసినవాళ్ళు చేసిన పనే అది. పెంకులో దాదాపు 95 శాతం కాల్షియం కార్బొనేట్. కడిగి, లోపలి పొర తీసి, 900 డిగ్రీల దగ్గర కాలిస్తే కార్బన్ డయాక్సైడ్ పోయి సున్నం మిగులుతుంది. శుద్ధమైన కార్బొనేట్ 100 గ్రాములు కాలిస్తే చేతికొచ్చేది 56 గ్రాములే.

కొత్తవాళ్ళు దెబ్బతినేది ఫర్నేస్ తలుపు తీశాకే. కాల్చిన సున్నం గాలిలోని తేమను పీల్చుకుంటుంది. సాయంత్రం కాల్చి, మూత పెట్టకుండా వదిలేసి, మర్నాడు తూచారనుకోండి. తక్కెడలో దాదాపు నాలుగో వంతు దాకా నీళ్ళ బరువే కావచ్చు, మీ లెక్కకన్నా కాల్షియం తగ్గిపోతుంది. ఈ ఎముక పొడిలో, అంటే హైడ్రాక్సీఅపటైట్‌లో, కాల్షియం, ఫాస్ఫరస్‌ల నిష్పత్తి 1.67 ఉండాలి. అంతకన్నా తగ్గితే, వేడిచేసినప్పుడు ఒంట్లో త్వరగా కరిగిపోయే ట్రైకాల్షియం ఫాస్ఫేట్ తోడవుతుంది. కాల్షియం ఎక్కువైతే సున్నం మిగిలిపోతుంది. అది ఒంట్లో తేమ తగిలి ఉబ్బుతుంది, చుట్టూ క్షారం పెంచుతుంది. ఎముక విరిగిన మనిషికి అది చేసే హాని తలచుకుంటే ఏ తూకాన్నీ తేలిగ్గా తీసుకోలేం. అందుకే చల్లారుతుండగానే డెసికేటర్‌లో పెట్టండి, తీసిన వెంటనే తూచండి. ఆ సున్నాన్ని నీళ్ళలో కలిపి, అందులో ఫాస్ఫారిక్ యాసిడ్‌ను చుక్కచుక్కగా కలుపుతూ, పీహెచ్ 10 కన్నా దిగకుండా చూసుకోండి.

పెంకు ఎక్కడి నుంచి వచ్చిందో కూడా రాసిపెట్టండి. బేకరీదా, హేచరీదా, ఏ తేదీది? ఆల్చిప్పలైతే ఏ నీళ్ళవి? మంటకు క్రిములు చస్తాయి గానీ, నీళ్ళలోంచి చిప్పకెక్కిన సీసం పోతుందని నమ్మకండి. బ్యాచ్ బ్యాచ్‌కీ పరీక్ష చేయించాల్సిందే.

ఉద్యోగం కోసం అదనంగా ఏం నేర్చుకోవాలని చాలామంది అడుగుతారు. ఎక్స్‌ఆర్‌డీ గ్రాఫు సొంతంగా చదవడం, వైద్య పరికరాల నాణ్యతా ప్రమాణం ఐఎస్‌ఓ 13485 ప్రకారం రికార్డులు రాయడం నేర్చుకోండి. ఒంట్లో వాడే పదార్థాల జీవ భద్రత పరీక్షలకు ఐఎస్‌ఓ 10993 ఉంది, అదీ చదవండి. మన దేశంలో 2017 నాటి వైద్య పరికరాల నిబంధనల కింద, ఎక్కువ ప్రమాద తరగతి ఇంప్లాంట్ల తయారీకి లైసెన్స్ ఇచ్చేది కేంద్ర సంస్థే. అక్కడ అడిగేది మీ పరిశోధన పత్రం ఒక్కటే కాదు, పదో బ్యాచూ మొదటి బ్యాచులాగే ఉందా అని. చేరిన మొదటి రోజే పాత బ్యాచ్ రిజిస్టరు అడిగి తీసుకుని, ఏ బ్యాచ్ ఎందుకు పారేశారో చదవండి.