పైకప్పు ఫోటో ఏది?

అమ్మడూ,

నువ్వు పంపిన 32 ఫోటోలూ చూశాను. పరుపులు, దిండ్లు, కిటికీ పరదాలు, దీపాల తోరణం, పొయ్యి పక్కన పెట్టిన చిన్న పూలకుండీ, అన్నీ ఉన్నాయి. పైకప్పుది ఒక్కటీ లేదు. బండి కిందికి వంగి తీసినదీ లేదు. పైగా "ఈ రెండు పాత ఆర్‌వీల్లో ఏది తీసుకోమంటావు మావయ్యా, సోమవారంలోగా చెప్పాలి" అని రాశావు. పైకప్పు చూడకుండా ఇల్లు ఎవరైనా కొంటారా తల్లీ? సోమవారం అన్నది అమ్మేవాడి తొందర. దాన్ని నీ తొందర చేసుకోకు.

ముందు నీ భయం సంగతి. అంత పెద్ద బండి నడపగలనా అన్నావు. చదువు అయ్యాక సామానంతా యూహాల్ 15 అడుగుల ట్రక్కులో వేసుకుని కొలంబస్ దాకా ఒక్కదానివే తోలుకొచ్చావు. నువ్వు అడిగిన రెండిట్లో చిన్నదైన రోడ్‌ట్రెక్ 190 మొత్తం పొడుగు సుమారు 19 అడుగులు. మీ వీధిలో నిలబెట్టే పెద్ద పికప్ ట్రక్కులూ దాదాపు అంతే ఉంటాయి. ఉన్న లైసెన్సు చాలు. ఈ సంగతి మళ్ళీ అడగకు.

అసలు సంగతి చెబుతాను, ఓపిగ్గా చదువు. నేను మొదటి బండి కొన్నప్పుడు నీలాగే లోపలి సొగసు చూసి పడిపోయాను. అదీ క్లాస్ సి బండే, డ్రైవరు సీటు పైన మంచం ముందుకు పొడుచుకొచ్చి ఉండేది. నువ్వు ముచ్చటపడుతున్న 24 అడుగుల ఫోర్డ్ బండిలాంటిదే. తలుపు తియ్యగానే గుప్పున నిమ్మ వాసన. కొత్త పరదాలు, గోడలకు కొత్త కాగితం. మీ అత్త లోపలికి వచ్చి ఒక నిమిషం నిలబడి, "మూలన ఏదో ముక్కిన వాసన వస్తోందండీ" అంది. చాన్నాళ్ళు మూసిపెట్టిన బండి కదా, అలాగే ఉంటుంది అన్నాను. అంత నిమ్మ వాసన ఎందుకు కొట్టారో ఆలోచించలేదు. అప్పుడు ఆవిడ మాట విని ఉంటే ఇవాళ నీకు ఇంత పెద్ద ఉత్తరం రాసే పని ఉండేది కాదు.

మొదటి ప్రయాణం స్లీపింగ్ బేర్ డ్యూన్స్‌కి. రెండో రాత్రి వాన పట్టుకుంది. మీ బావ అప్పుడు చిన్నవాడు, పై మంచం మీద పడుకున్నాడు. అర్ధరాత్రి దాటాక "నాన్నా, దిండు తడిసింది" అని లేపాడు. టార్చి వేసి చూస్తే మంచం ముందున్న చిన్న కిటికీ కింద గోడకాగితం బుడగలా ఉబ్బి ఉంది. వేలు పెట్టి నొక్కితే చిరిగింది. లోపలి చెక్క నా గుప్పిట్లోకి నానిన అటుకుల్లా వచ్చేసింది. కోపం కూడా రాలేదు, నీరసం వచ్చింది. ఆ ముక్కు భాగం మొత్తం విప్పించి కట్టించడానికి బండి ధరలో సగం పైన అయింది. ఆ వేసవంతా బండి షెడ్డులోనే ఉంది.

ఇలా ఎందుకవుతుందో తెలిస్తే నువ్వు ఎక్కడ చెయ్యి పెట్టి చూడాలో నీకే తెలుస్తుంది. క్లాస్ సి అంటే వ్యాను ముందు భాగం ఉంచి, వెనక ఒక పెట్టె కట్టడం. ఆ పెట్టె గోడ చాలా బళ్ళలో పైన పలచని ఫైబర్‌గ్లాస్ రేకు, దాని వెనక పలచని ప్లైవుడ్, నడుమ ఫోమ్, వీటన్నిటినీ పట్టి ఉంచే జిగురు. గోడలూ కప్పూ కలిసేచోట, కిటికీల చుట్టూ, కప్పు మీద గాలిగొట్టాల చుట్టూ సీలెంట్ పూస్తారు. ఎండకూ మంచుకూ అది కొన్నేళ్ళలో బీటలు ఇస్తుంది. ఏడాదికి రెండుసార్లయినా నిచ్చెన వేసుకుని చూసి, బీట కనిపించినచోట మళ్ళీ పుయ్యాలి. ఒక యజమాని రెండేళ్ళు బద్ధకిస్తే చాలు. హైవే మీద 60 మైళ్ళ వేగంలో ఎదురువాన ఆ ముందు ముక్కుకు కొట్టి కొట్టి సన్నని సందులోంచి లోపలికి దూరుతుంది. దూరిన నీళ్ళు దూరినచోటే కనిపించవు. గోడ లోపల్లోపలే దిగి, ఏ అలమర అడుగునో తేలతాయి. అప్పటికి చెక్క పుచ్చి ఉంటుంది.

ఇంజను పాడైతే మెకానిక్కు ఉన్నాడు. ఫ్రిజ్ పోతే కొత్తది పెట్టుకోవచ్చు. చెమ్మ పట్టిన గోడకు మాత్రం బండిని సగం విప్పడం తప్ప మందు లేదు. అందుకే నేను పాత బండి దగ్గరికి వెళితే ఇంకేదీ అడగకముందు చెమ్మ వెతుకుతాను. కిటికీలన్నీ మూయించి పదినిమిషాలు ఆగి లోపలికెళ్ళి వాసన చూస్తాను. పరుపులు లేపి మూలలు తడుముతాను. అలమరల లోపలికి చెయ్యి పోనిచ్చి పై మూలలు నొక్కుతాను, ఎందుకంటే అక్కడ కొత్త కాగితం ఎవరూ అంటించరు. స్క్రూల తలలు తుప్పు పట్టాయా చూస్తాను. బయటికొచ్చి గోడ పక్కన చెంప ఆనించినట్టు నిలబడి పొడవునా చూస్తాను. రేకు ఉబ్బి ఉంటే ఆ ఏటవాలు చూపుకే దొరుకుతుంది, ఎదురుగా నిలబడితే దొరకదు. చెమ్మ కొలిచే చిన్న మీటరు హార్డ్‌వేర్ షాపులో ఓ 30, 40 డాలర్లకు దొరుకుతుంది. కొనుక్కో.

బండి లోపల ఇంకో రకం నీళ్ళున్నాయి, గొట్టాల్లోవి. మీ ఒహాయో చలికి గొట్టాల్లో నీళ్ళు గడ్డకడితే గొట్టాలూ పంపూ పగులుతాయి. ఏటా చలికాలం ముందు నీళ్ళు తీసేసి, గులాబీ రంగు ఆర్‌వీ యాంటీఫ్రీజ్ పోశారా అని అడుగు. నోటిమాట నమ్మకు. ట్యాంకులో నీళ్ళు పోయించి పంపు వెయ్యమను. కుళాయిలన్నీ కట్టేశాక పంపు కాసేపు మోగి ఆగిపోవాలి. ఆగినదల్లా ఎవరూ కుళాయి తిప్పకుండానే మళ్ళీ టక్కుమని మోగిందంటే ఎక్కడో కారుతోందన్నమాట. అక్కడ పదిహేను నిమిషాలు మాట్లాడకుండా నిలబడి వినాలి. అమ్మేవాడు ఆ పదిహేను నిమిషాలూ నీతో కబుర్లు చెబుతాడు. వినకు, పంపు విను.

ఇలా తడిమి చూసి కొనడం నేను అమెరికా వచ్చి నేర్చుకున్నది కాదు. మీ తాతయ్య ఎద్దుల సంతకు వెళితే నన్ను వెంట తీసుకెళ్ళేవాడు. అమ్మేవాళ్ళు కొమ్ములకు రంగులు వేసి, మెడలో గంటలు కట్టి, వీపు మీద బట్ట కప్పి నిలబెట్టేవాళ్ళు. నాకు ఆ గంటలే ముద్దుగా ఉండేవి. ఆయన ముందు ఆ బట్ట తీయించేవాడు. మెడ మీద కాడి కొట్టిన మచ్చ తడిమి చూసేవాడు. నోరు తెరిచి పళ్ళు చూసి, కాలు ఎత్తి గిట్ట చూసి, తోలించి డొక్కలు ఎగరేస్తోందేమో చూసేవాడు. అన్నీ బాగున్నా వెంటనే బేరమాడేవాడు కాదు. వెళ్ళి భోంచేసి, మిట్టమధ్యాహ్నం మళ్ళీ వచ్చేవాడు. పొద్దున హుషారుగా కనిపించిన ఎద్దు ఎండలో నాలుగు గంటలు నిలబడ్డాక ఎలా ఉందో చూడాలనేవాడు. నువ్వూ ఒకే బండిని రెండుసార్లు, రెండు వేళల్లో చూడు. వెళ్ళగానే బానెట్ మీద చెయ్యి పెట్టు. వేడిగా ఉందంటే నువ్వు రాకముందే ఇంజను తిప్పి ఉంచారు. చల్లబడేదాకా ఆగి, అప్పుడు స్టార్ట్ చేయించు.

బరువు సంగతీ తాతయ్య దగ్గరే చూశాను. శివరాత్రికి కోటప్పకొండ తిరునాళ్ళకు గూడుబండి కట్టుకుని వెళ్ళేవాళ్ళం. కింద వరిగడ్డి, పైన జంపఖానా, చివర లాంతరు. రాత్రి ప్రభలు చూసి ఆ బండిలోనే పడుకునేవాళ్ళం. మీ అమ్మకు నిద్రలో దొర్లే అలవాటని మధ్యలో పడుకోబెట్టేవాళ్ళు. బయల్దేరేముందు తాతయ్య సామాను రెండుసార్లు దింపి ఎక్కించేవాడు. బరువు ముందుకు పడితే కాడి ఎద్దుల మెడ మీద కూర్చుంటుంది. వెనక్కి పడితే కాడి పైకి లేచి మెడపట్టీ గొంతుకు బిగుసుకుంటుంది. మొగ్గు కుదిరేదాకా బండి కదిలేది కాదు. నీ బండిలోనూ ఎంత బరువు ఎక్కించవచ్చో చెప్పే స్టిక్కర్ ఉంటుంది, ఏ అలమర తలుపు లోపలో వెతుకు. గాలను నీళ్ళే 8.3 పౌండ్లు. 30 గాలన్లు పోస్తే దగ్గర దగ్గర 250 పౌండ్లు, అంటే ఇంకో పెద్ద మనిషిని ఎక్కించుకున్నట్టు. గంట ప్రయాణంలో ఉన్న హాకింగ్ హిల్స్‌కి ట్యాంకు నింపుకుని పోవాల్సిన పని లేదు.

మిగతావి త్వరగా చెబుతాను. టైరు పక్కన డాట్ అన్న అక్షరాల తర్వాత చివరి నాలుగు అంకెలు చూడు. 3116 అని ఉంటే 2016లో 31వ వారం చేసిన టైరు. గాళ్ళు ఎంత లోతుగా ఉన్నా నా లెక్కలో ఏడేళ్ళు దాటితే మార్చాల్సిందే, ఆ ఖర్చు ధరలోంచి తగ్గించమను. జనరేటర్ గంటలు తక్కువ తిరిగిందని ప్రకటనలో గొప్పగా రాశాడు చూడు, దానికి మురవకు. నెలకు రెండు గంటలైనా బరువు పెట్టి తిప్పకపోతే కార్బురేటర్‌లో పెట్రోలు జిగురులా గడ్డకడుతుంది. ఏసీ వేసి దాన్ని అరగంట నడిపించు. గ్యాసు మీద నడిచే ఫ్రిజ్ చల్లబడటానికి గంటలు పడుతుంది, ముందురోజు రాత్రే వేసి ఉంచమను. వెనక అమోనియా వాసన గానీ పసుపు పొడి గానీ ఉంటే దాని పని అయిపోయినట్టే. కార్బన్ మోనాక్సైడ్, ప్రొపేన్ పసిగట్టే అలారాలకు గడువు తేదీ ఉంటుంది. గడువు దాటితే బండి ఇంటికొచ్చిన రోజే కొత్తవి పెట్టు, ఇందులో నా మాట కాదనకు. వంట చేసేటప్పుడు చలిగా ఉన్నా కిటికీ తెరిచే ఉంచాలి. నీ ఎలక్ట్రిక్ కుక్కర్ బ్యాటరీ మీద నడుస్తుందని నమ్ముకోకు. మీ అమ్మ ఇచ్చిన చిన్న ప్రెషర్ కుక్కర్ పట్టుకెళ్ళు. టైటిల్ అమ్మేవాడి పేరు మీదే ఉందా, అప్పేమైనా ఉందా చూసి, విన్ నంబరు పెట్టి రోడ్డు భద్రత చూసే ప్రభుత్వ సంస్థ ఎన్‌హెచ్‌టీఎస్‌ఏ వాళ్ళ దగ్గర రీకాల్స్ చూసుకో.

ఏది తీసుకోవాలంటే, రోడ్‌ట్రెక్. నాలుగు వేలు ఎక్కువన్నావు. అది చెవ్రొలే వ్యాను ఇనుప ఒంటి మీద పైన ఫైబర్‌గ్లాస్ టోపీ బిగించిన బండి, అతుకులు తక్కువ, నీళ్ళు దూరే దారులూ తక్కువ. స్నానానికి నడవలోనే పరదా లాక్కోవాలి, ఇరుకే. కానీ నువ్వు వెళ్ళేది శుక్రవారం సాయంత్రం, వచ్చేది ఆదివారం. నా పెద్ద బండిని మా కాలనీ వాళ్ళు ఇంటి ముందు పెట్టనివ్వకపోతే 20 మైళ్ళ అవతల స్టోరేజీలో పెట్టాను. తెచ్చి, సర్ది, నీళ్ళు పోసేసరికి శనివారం మధ్యాహ్నం అయ్యేది. చివరి ఏడాది రెండుసార్లే తీశాం. ఇప్పుడున్న చిన్న వ్యాను వాకిట్లోనే ఉంటుంది, ఆఫీసు నుంచి వచ్చి బట్టలు మార్చుకుని మీ అత్తా నేనూ బయల్దేరిపోతాం. పోయిన ఏడాది తొమ్మిదిసార్లు వెళ్ళాం. అయినా ఆ రోడ్‌ట్రెక్ కూడా కిటికీల దగ్గర, ఏసీ చుట్టూ పొడిగా ఉంటేనే. తడి కనిపిస్తే అదీ వద్దు.

ఆన్ ఆర్బర్ నుంచి మీ ఊరికి మూడు గంటలు. ఆదివారం పొద్దున పదింటికల్లా వస్తాను. శనివారం అక్కడ వాన అంటున్నారు, తడిసిన మర్నాడు చూడటమే మంచిది. అమ్మేవాడికి ఫోన్ చేసి నిచ్చెన సిద్ధంగా ఉంచమను, ఇంజను వెయ్యొద్దను. నేను వచ్చేదాకా అడ్వాన్సు ఇవ్వకు.

ఆశీస్సులతో,
మావయ్య