హద్దు చేసే మేలు

కథలో కథను ఇమిడ్చి చెప్పడం మన ప్రాచీనులకు ప్రీతిపాత్రమైన పద్ధతి. పంచతంత్రంలో విష్ణుశర్మ చెప్పే కథలో దమనకుడు కాకి-పాము కథ చెబుతాడు. అందులోని నక్క కొంగ-ఎండ్రకాయ కథ చెబుతుంది. లోపలి కథ ముగిసేదాకా బయటి కథలు వేచి ఉంటాయి. ఏ కథ ఎక్కడ ఆగిందో గుర్తుంచుకోవలసిన భారం చెప్పేవారిదే. కంప్యూటరుకు సైతం ఇట్టి భారమే ఉంది.

ప్రోగ్రాములో ఒక పనిని నిర్వహించే భాగాన్ని ఫంక్షన్ అంటారు. ఒక ఫంక్షన్ మరొకదానిని పిలిచినప్పుడు, తిరిగి రావలసిన చోటునూ, అప్పటి విలువలనూ కంప్యూటరు భద్రపరుస్తుంది. కుండల దొంతరవలె ఈ వివరాలు ఒకదానిపై ఒకటి చేరుతాయి. చివర పెట్టిన దానినే మొదట తీయాలి. ఈ దొంతరకే స్టాక్ అని పేరు.

ఫంక్షన్ తనను తానే పిలుచుకోవడం రికర్షన్. 5 ఫాక్టోరియల్ తెలియాలంటే 4 ఫాక్టోరియల్‌ను 5తో గుణించాలి. దానికి 3 ఫాక్టోరియల్ కావాలి. ఇలా 1 దాకా దిగి, తిరిగి వస్తూ గుణిస్తే 120 లభిస్తుంది. 1 వద్ద ఆగాలనే నియమాన్ని విస్మరిస్తే పిలుపులకు అంతముండదు. దొంతర పెరుగుతూనే ఉంటుంది.

అందువల్లనే ప్రోగ్రాములను నడిపించే వ్యవస్థలు హద్దులను ఏర్పరచుకొన్నాయి. పైథాన్ భాషలో ముగియక నిలిచిన పిలుపులకు సాధారణమైన హద్దు 1000. అది దాటితే రికర్షన్ ఎర్రర్ అనే దోషసూచన వస్తుంది; 2015లో వెలువడిన 3.5 వెర్షన్‌తో దానికి ఈ పేరు ఏర్పడింది. జావాలో స్టాక్ నిండితే స్టాక్ ఓవర్‌ఫ్లో ఎర్రర్, వస్తువులను ఉంచే హీప్ నిండితే అవుట్ ఆఫ్ మెమరీ ఎర్రర్ కలుగుతాయి. రోగాలు వేరు గనుక చికిత్సలూ వేరు. సీ భాషలో ఇట్టి హెచ్చరిక లేదు. స్టాక్ పొంగితే ప్రోగ్రాము సాధారణంగా అర్ధాంతరంగా కూలిపోతుంది. చేసిన పనిని దాచుకొనే వ్యవధి సైతం దొరకదు.

పైథాన్‌లో ఈ హద్దును పెంచవచ్చు. కాని ఆగే నియమమే లేనప్పుడు హద్దును పెంచడం, గండి పూడ్చక చెరువుగట్టు ఎత్తు పెంచడం వంటిది. మొదట దోషసూచనను చదవాలి. ఏ ఫంక్షన్ పదేపదే పిలువబడిందో అది చూపుతుంది. లెక్క నిజంగానే లోతైనదైతే రికర్షన్‌కు బదులు లూప్ వాడాలి. హీప్ నిండితే సమాచారాన్ని ఒక్కసారిగా కాక భాగాలుగా తీసుకోవాలి.

హద్దు ప్రోగ్రాముకు సంకెల కాదు. పొరపాటు ప్రమాదంగా మారకముందే దానిని మన కంటికి చూపే కాపలాదారు.

ప్రశ్నలు
1. స్టాక్‌ను దొంతరతో ఎందుకు పోల్చారు?
2. హద్దు పెంచడం అన్ని సందర్భాలలోనూ పరిష్కారం కాదని సోదాహరణంగా వివరించండి.