డీజిలు ఇంజను కథ

బొగ్గు ఇంజను చూసినవాళ్లకు గుర్తుండే ఉంటుంది. దారి పొడుగునా పారతో బొగ్గు వేస్తూనే ఉండాలి. నీళ్ల కోసం బండి ఆగాలి. ఆ కష్టం తప్పించింది డీజిలు ఇంజను. అందులో పేరున్నది డబ్ల్యుడిఎం-2.

అమెరికాలోని ఆల్కో కంపెనీ దీన్ని చేసింది. 1962లో మన దేశానికి వచ్చింది. దీని శక్తి 2,600 గుర్రాల బలం. లోపల గుర్రాలుంటాయనుకునేరు! అది కొలత పేరు.

డీజిలే చక్రాలను తిప్పుతుందా? కాదు. డీజిలు మండి లోపలి యంత్రం తిరుగుతుంది. అది జనరేటరును తిప్పుతుంది. అక్కడ కరెంటు పుడుతుంది. కింద ఆరు ఇరుసులు, ఆరు మోటార్లు. కరెంటు వాటికి పోతుంది. అప్పుడు చక్రాలు కదులుతాయి. తన కరెంటు తానే చేసుకుంటుంది కాబట్టి పైన తీగలు అక్కర్లేదు.

ఎన్నాళ్లని కొనుక్కుంటాం? 1964 జనవరిలో కాశీ ఫ్యాక్టరీ నుంచి మన మొదటి ఇంజను బయటికొచ్చింది. మొదట సామాన్లు అమెరికావే. తర్వాత మనవాళ్లు ఒక్కొక్కటే చేయడం నేర్చుకున్నారు.

1969లో ఆల్కో కంపెనీ రైలింజన్ల తయారీ మానేసింది. మనం నేర్చుకోకపోయి ఉంటే, చెడిన ఇంజనుకు సామాను ఎక్కడ దొరికేది? కాశీలో పని ఆగలేదు. 1990ల దాకా రెండు వేలకు పైగా ఇంజన్లు చేశారు. మన కాజీపేట, గుత్తి షెడ్లలో వాటిని బాగుచేసేవారు.