కుర్చీ కింద కూర్చున్నవాడి పాఠాలు

శాసనసభలో నేను రిపోర్టరుగా పనిచేశాను. పేపరు విలేఖరిని కాదు. సభ్యులు మాట్లాడేదంతా షార్ట్‌హ్యాండులో రాసుకుని, లోపలికెళ్ళి సాఫు ప్రతి తయారుచేసే ఉద్యోగం. స్పీకరు కుర్చీకి కింద ఉండే బల్ల దగ్గర కొన్ని నిమిషాలకొకరం వంతులేసుకుని రాసేవాళ్ళం. "అధ్యక్షా" అన్న మాట రాసీ రాసీ నా పెన్సిలు దాన్ని ఒక్క గీతతో తేల్చేసేది. రిటైరయ్యాక ఆ పిలుపు నాకే తగులుకుంది. మియాపూర్ వైపు మా అపార్టుమెంట్లో 96 ఫ్లాట్లు, వాట్సాప్ గ్రూపులో 170 మందికి పైన జనం. "మీకు ఖాళీయే కదా సార్" అని నన్ను అడ్మిన్‌ను చేశారు. మూడో అంతస్తు కుర్రాడొకడు ఆ రోజు నుంచి నన్ను "అధ్యక్షా" అనే పిలుస్తున్నాడు. ఆరేళ్ళయింది. ఈ ఆరేళ్ళలో దెబ్బలు తిని తెలుసుకున్నవి కొన్ని రాస్తున్నాను. గుర్తొచ్చిన వరసలోనే.

1. రెండో మాటే చెవిన పడుతుంది

2024 వేసవి. మా రెండు బోర్లూ ఎండిపోయాయి. రోజుకు ఆరు ట్యాంకర్లు వస్తే తప్ప గడవడం లేదు. ఆ ఖర్చు ఫ్లాటుకింత అని పంచాలా, తలకింత అని పంచాలా అని రాత్రి తొమ్మిదికి గ్రూపులో మొదలైంది. పదకొండున్నరకు కూడా ఫోను మోగుతూనే ఉంది. అప్పుడు ఒక ఓనరు ఇలా పెట్టాడు: "అద్దెకొచ్చినవాళ్ళకి నీళ్ళ విలువేం తెలుస్తుంది? వారానికి మూడుసార్లు కారు కడుగుతారు." నిమిషం తిరక్కుండా అద్దెకుండే అతను జవాబిచ్చాడు: "సొంత ఇల్లుంటే చాలదు సార్, సొంత బుద్ధి కూడా ఉండాలి."

నేను రెండోది తీసేశాను. తీసేసి, గ్రూపుకు శాంతి కలిగించానన్న తృప్తితో పడుకున్నాను.

పొద్దున్న కాఫీ తాగుతుంటే మా మనవరాలు నా ఫోను చూస్తూ, "తాతయ్యా, ముందు అన్నదెవరు?" అంది. పైకి జరిపి చూపించింది. ఓనరు మాట అలాగే ఉంది. కింద ఆరు బొటనవేళ్ళు. నిజం చెప్పాలంటే, రాత్రి ఆ మాట చదివినప్పుడు నాకు లోపల చిన్న నవ్వొచ్చింది. కార్లు కడిగే గొట్టం చూసి నేనూ అలాగే అనుకున్నవాణ్ణే మరి. నేను సగం ఒప్పుకున్న మాట నాకు తిట్టులా కనబడలేదు. నాకు మంటెత్తించిన మాటే తిట్టైపోయింది. పైగా ఆ ఓనరు రోజూ నాతో వాకింగుకొచ్చే మనిషి.

సభలో ఇది ఎన్నిసార్లు చూశానో. పక్కన కూర్చుని మెల్లగా గిచ్చినవాడు ఎవరికీ కనబడడు. లేచి అరిచినవాడు అందరికీ కనబడతాడు. బల్ల దగ్గర కూర్చున్న మాకు మాత్రం రెండూ వినబడేవి, రెండూ రాసేవాళ్ళం. అలాంటి ఉద్యోగం చేసి కూడా, నా చేతికి మీట వచ్చేసరికి అరిచినవాణ్ణే పట్టుకున్నాను. ఇప్పుడు ఏది తీసేయాలన్నా వెనక్కి పది మెసేజులు చదువుతాను. ఒక్కోసారి ముందురోజు దాకా వెళ్ళాల్సొస్తుంది.

2. తీసేస్తే తీసేసినట్టు తెలియాలి

సభలో అనకూడని మాట అంటే స్పీకరు దాన్ని రికార్డుల నుంచి తొలగించమంటారు. తొలగించడమంటే, ఆ మాట అసలు పుట్టనట్టు చెరిపేయడమని చాలామంది అనుకుంటారు. కాదు. లోక్‌సభ నిబంధనల ప్రకారం ఆ చోట చుక్కల గుర్తులు పెట్టి, అధ్యక్షస్థానం ఆదేశం మేరకు తొలగించినట్టు అడుగున రాయాలి. యాభై ఏళ్ళ తర్వాత చదివేవాడికి కూడా ఇక్కడేదో ఉండేది, తీసింది ఫలానా కుర్చీ అని తెలుస్తుంది.

అడ్మిన్ ఎవరి మెసేజైనా అందరి ఫోన్లలోంచీ తీసేసే వీలు వాట్సాప్‌లో 2022లో వచ్చింది. తీసిన చోట ఫలానా అడ్మిన్ తీశాడని కనబడుతుంది. అది చూసి మొదట్లో నాకు మొహమాటంగా ఉండేది. ఇప్పుడు అదొక్కటే చాలదనిపిస్తోంది. ఎందుకు తీశానో ఒక్క వాక్యం కింద రాస్తాను. ఆ వాక్యం రాయబోతే మాటలు రాకపోతే, తీయకుండా వదిలేస్తాను. ఇలా వదిలేసినవి తక్కువేమీ కావు.

3. వాదించాలంటే కుర్చీ దిగాలి

మా దగ్గర నీళ్ళ తర్వాత అంత పెద్ద గొడవ కుక్కలది. లిఫ్టులో తీసుకురావచ్చా, కూడదా. నాకు చిన్నప్పుడు పిక్క మీద కరిచింది. ఇప్పటికీ కుక్క ఎక్కితే నేను మెట్లెక్కుతాను. లిఫ్టులో పెంపుడు కుక్కల్ని అడ్డుకోకూడదని జంతు సంక్షేమ మండలి 2015లో ఇచ్చిన మార్గదర్శకాల ప్రతి ఒకమ్మాయి గ్రూపులో పెట్టి, "అంకుల్, పైన పిన్ చేయండి" అంది. ఆ ఒక్క కాగితం పిన్ చేయడానికి నాకు మూడు రోజులు పట్టింది. ట్యాంకరు వేళల పట్టికను మూడు నిమిషాల్లో పిన్ చేసినవాణ్ణే. అబద్ధమేమీ ఆడలేదు, ఎవర్నీ తిట్టలేదు, ఆలస్యం చేశానంతే. పక్షపాతం ఎప్పుడూ కేకలు వేస్తూ రాదని అప్పుడు తెలిసింది.

రాజ్యాంగం రాసినవాళ్ళకు ఈ మనిషి గుణం బాగా తెలుసు. స్పీకరును తొలగించే తీర్మానం చర్చకొస్తే ఆయన సభలో ఉండొచ్చు, మాట్లాడొచ్చు, ఓటు కూడా వేయొచ్చు. ఆ కుర్చీలో మాత్రం కూర్చోకూడదు. లోక్‌సభకు 96వ అధికరణం, శాసనసభలకు 181. మిగతా రోజుల్లో తలకిందులు: కుర్చీలో ఉంటాడు కాబట్టి మామూలుగా ఓటు లేదు, రెండువైపులా సమానమైతేనే. మన నీలం సంజీవరెడ్డి గారు ఇంకో అడుగు ముందుకేశారు. 1967లో లోక్‌సభ స్పీకరు కాగానే కాంగ్రెస్ సభ్యత్వానికి రాజీనామా ఇచ్చేశారు. చట్టం అడగని పని అది.

నాకు రాజీనామా ఇవ్వడానికి పార్టీ ఏమీ లేదు. కుక్కల సంగతి వచ్చినప్పుడు మాత్రం "ఇందులో నేను ఒక పక్షం, ఇవాళ్టికి అడ్మిన్ ఆవిడే" అని రాసి, ఏడో అంతస్తు బ్యాంకు మేడం గారికి అప్పగించి, అప్పుడు నా వాదన పెడతాను. మొదటిసారి ఓడిపోయాను. కుక్కలు లిఫ్టులోనే వస్తున్నాయి.

4. నియమం ముందు, తప్పు తర్వాత

ఎన్నికలప్పుడు ఒకాయన పార్టీ వీడియోలు వరసగా ఆరు పెట్టాడు. నేను ఏడోది రాకముందే "రాజకీయాలు నిషేధం" అని ప్రకటించి, వెంటనే ఆయన్ని గ్రూపులోంచి తీసేశాను. "ఆ నియమం పుట్టి ఎన్ని నిమిషాలైంది మాస్టారూ?" అని ఫోన్ చేసి అడిగాడు. నాలుగు నిమిషాలు. తిరిగి చేర్చుకున్నాను. ఇప్పుడు నియమాలు నాలుగే, తెలుగులో, గ్రూపు వివరాల్లో ఉన్నాయి. ఐదోది చేర్చాలంటే నెలాఖరు సమావేశంలో అడుగుతాం.

5. జైలు బూచి

"ఎవరేం పెట్టినా ముందు లోపలేసేది అడ్మిన్‌నే" అని ఏటా ఒక మెసేజ్ తిరుగుతుంది. దాంతో భయపడి నేను కొన్నాళ్ళు కనబడినదల్లా తీసేశాను. దేవుడి పేరుంటే తీసేయడం, మంత్రి పేరుంటే తీసేయడం. తర్వాత మా అల్లుడు తీర్పులు చదివి చెప్పాడు. బొంబాయి హైకోర్టు నాగపూర్ బెంచి 2021లో, కేరళ హైకోర్టు 2022లో ఒకటే మాట అన్నాయి: సభ్యుడు పెట్టినదానికి, అడ్మిన్ అయినంత మాత్రాన ఇతను బాధ్యుడు కాడని. ఇద్దరూ కూడబలుక్కుని చేస్తే అది వేరే కథ. భయపడేవాడు ఎవర్నీ సమానంగా చూడలేడు. వాడి కళ్ళు ఎప్పుడూ గుమ్మం వైపే ఉంటాయి.

6. తాళం

అడ్మిన్లు మాత్రమే రాసేలా గ్రూపుకు తాళం వేయొచ్చు. 2018 నుంచి ఆ వీలుంది. ట్యాంకరు గొడవ రోజుల్లో మూడు రోజులు వేశాను. ఎంత హాయి! నాలుగో రోజు తెలిసింది, నేను లేకుండా ఇంకో గ్రూపు పుట్టిందని. అందులో అప్పటికే అరవైమంది.

7. గ్రూపులో లేనివాళ్ళు

ఇది కొంచెం వివరంగా రాయాలి.

ఒక పిల్లవాడి సైకిలు పోయింది. సాయంత్రం ఆరింటికి ఒకాయన సీసీ కెమెరా బొమ్మ పెట్టాడు. అందులో మా వాచ్‌మన్ కొడుకు సైకిళ్ళ దగ్గర నిలబడి ఉన్నాడు. పద్నాలుగేళ్ళు ఉంటాయి. పైన రాత: "వీడే." గంటలో నలభై మెసేజులు. కుటుంబం మొత్తాన్ని పంపేయాలన్నారు కొందరు. జాగ్రత్తగా రాసినవాళ్ళూ ఉన్నారు, "నిజమైతే" అన్న మాట ముందు చేర్చి. ఎవరూ బూతులాడలేదు, ఎవరూ ఎవరితోనూ పోట్లాడుకోలేదు. అందరూ ఒకే మాట మీదున్నారు కాబట్టి నాకు పని లేదనుకున్నాను.

సభలో లేనివాళ్ళ మీద, అక్కడికొచ్చి జవాబు చెప్పుకోలేనివాళ్ళ మీద ఆరోపణలు చేయకూడదన్నది పాత సంప్రదాయం. ముందుగా నోటీసివ్వకుండా ఎవరి మీదా నిందారోపణ చేయకూడదని లోక్‌సభ నిబంధనల్లోనూ ఉంది. "అధ్యక్షా, ఆయన ఇక్కడ లేరు" అని ఎవరో ఒకరు లేవడం, స్పీకరు ఆ పేరు తీసేయమనడం నేను నా చేత్తో ఎన్నిసార్లు రాసుకున్నానో. మా గ్రూపులో వాచ్‌మన్ లేడు. పనివాళ్ళు లేరు, చెత్త తీసుకెళ్ళే అతను లేడు. మా మాటల్లో రోజూ నలిగేది మాత్రం వాళ్ళే.

సైకిలు మర్నాడు సెల్లారులో పాత సోఫా వెనక దొరికింది. పక్క బ్లాకు పిల్లలు దాచి ఆడుకున్నారు. బొమ్మ పెట్టినాయన రెండు చేతులు జోడించిన గుర్తు పెట్టి ఊరుకున్నాడు. నేను ఆ బొమ్మ తీసేసరికి అది ఇంకో రెండు గ్రూపులు తిరిగింది. రాత్రి వాచ్‌మన్ తలుపు కొట్టాడు. లోపలికి రమ్మంటే రాలేదు. "సార్, మావోని ఫోటో అందరి ఫోన్లల్ల ఉన్నదంట. తీపియ్యిరి" అన్నాడు. ఎలా తీయించను? ఆ అబ్బాయి నెల రోజులు లిఫ్టు వైపు రాలేదు. వెనక మెట్ల మీద నుంచి తిరిగాడు.

ఇప్పుడు మా నాలుగు నియమాల్లో మొదటిది ఇదే: గ్రూపులో లేని మనిషి పేరుగానీ బొమ్మగానీ పెట్టకూడదు. అనుమానముంటే కమిటీకి చెప్పాలి. దీన్ని నేను వెనకాముందూ చూడకుండా అమలు చేస్తాను. ఇద్దరు ముగ్గురికి కోపాలొచ్చాయి. ఉండనిమ్మన్నాను.

8. ఫోను కొందరికేనా

ఎవరైనా హద్దు దాటితే ముందు ఫోన్ చేసి చెప్పడం మంచి పద్ధతి. ఎనభై దాటిన పెద్దావిడ ఒకరు కాకరకాయ రసంతో షుగరు పూర్తిగా పోతుందని రోజూ పెట్టేవారు. పదిమందిలో అనకుండా ఇంటికెళ్ళి, ఆవిడిచ్చిన కాఫీ తాగి, మెల్లగా చెప్పొచ్చాను. అలా మానేశారు. బాగుంది. ఒకరోజు ఊరికే లెక్క చూసుకున్నాను: నేను ఫోన్ చేసి చెప్పింది ఎవరికి, చెప్పకుండా తీసేసింది ఎవరివి? ఫోన్లు వెళ్ళింది ఓనర్లకి, నా ఈడువాళ్ళకి. తీసేసినవి అద్దెకుండేవాళ్ళవి, కుర్రాళ్ళవి. వాళ్ళ నంబర్లు నా దగ్గర లేవని సాకు చెప్పుకున్నాను. నంబర్లు లేకుండా గ్రూపు ఎలా నడుస్తుంది?

9. తప్పు ఎక్కడో, ఒప్పుకోలు అక్కడే

ట్యాంకరు రాత్రి సంగతి. మనవరాలు చూపించాక అద్దె అతనికి విడిగా ఒక మెసేజ్ పెడదామనుకున్నాను. మా ఆవిడ అడ్డుపడింది. "అందరి ముందూ తీసి, చాటున సారీ ఏంటండీ?" అంది. గ్రూపులోనే రాశాను: ముందు అన్న మాట వదిలి తర్వాత అన్న మాట తీశాను, అది తప్పు, ఇప్పుడు ముందుదీ తీస్తున్నాను. వాకింగు స్నేహితుడు పది రోజులు పార్కుకు రాలేదు. అద్దె అతను ఒక్క బొటనవేలు పెట్టి ఊరుకున్నాడు. మళ్ళీ గ్రూపులో ఏమీ రాయలేదు.

జూన్‌లో అతనికి వేరే ఊరు బదిలీ అయింది. సామాను దింపుతున్న రోజు లిఫ్టులో కలిశాం. చంకలో గ్యాస్ స్టవ్ పెట్టుకుని ఉన్నాడు. రెండు అంతస్తులు ఏమీ మాట్లాడుకోలేదు. మూడో అంతస్తు దగ్గర తనే నవ్వాడు.

"సార్, మీరు తీసేసిన ఆ మెసేజ్ స్క్రీన్‌షాట్ నా దగ్గరుంది. కావాలా?"

పంపమన్నాను. ఇద్దరి మాటలూ అందులో ఉన్నాయి, ఒకదాని కింద ఒకటి.