రెండో ఎక్కం

మా మేనత్త ముప్పై ఏళ్లకు పైగా ప్రాథమిక పాఠశాలలో పాఠాలు చెప్పింది. ఉద్యోగమంతా నెల్లూరు జిల్లాలో ఉదయగిరి వైపు మెట్ట ఊళ్లలోనే. అందులో ఎక్కువ కాలం ఏకోపాధ్యాయ పాఠశాలలు. ఒక గది, ఒక నల్లబల్ల, అయిదు తరగతులు. ఒకటో తరగతి పిల్లలు అ ఆలు దిద్దుతుంటే అయిదో తరగతి వాళ్లు భిన్నాలు చేస్తుండేవాళ్లు. మా టౌను బడికి ఎండాకాలం సెలవులు ముందుగా ఇచ్చేవాళ్లు. అప్పుడు నేను అత్త దగ్గరికి వెళ్లి, దొండాకుతో పలకలు తుడుచుకునే ఆ పిల్లల మధ్య ఓ మూల కూర్చునేవాణ్ణి.

అత్త ప్రశ్న అడిగిన తర్వాత ఏం చేసేదో నాకు ఇప్పటికీ కళ్లకు కట్టినట్టు ఉంటుంది. ఏమీ చేసేది కాదు. వెనక వరసలో ఒక పిల్లాడిని లేపి, "పన్నెండులో సగం ఎంత నాయనా?" అని అడిగేది. వాడు నోరు తెరవడు. ముందు వరసలో నాలుగు చేతులు లేస్తాయి, "నేను చెప్తా టీచర్" అని గోల. అత్త ఆ చేతుల వైపు చూసేది కాదు. విచిత్రమేమిటంటే ఆ పిల్లాడి వైపు కూడా చూసేది కాదు. చూపు దించుకుని, చేతిలోని సుద్దముక్కను వేళ్ల మధ్య తిప్పుతూ నిలబడేది. కాసేపటికి వాడు "ఆరు" అనేవాడు.

ఓ రోజు ఇంటికి నడిచి వస్తుంటే అడిగాను, "అత్తా, అప్పుడు నువ్వేం ఆలోచిస్తుంటావు?" అని.

"రెండో ఎక్కం చదువుకుంటా" అంది. "మనసులోనే. రెండొకట్ల రెండు, రెండు రెళ్లు నాలుగు... రెండయిదులు పది దాకా. అప్పటికీ చెప్పకపోతే రెండు పదులు ఇరవై దాకా పోతా. నేను ఊరికే నిలబడితే నా నోరే ముందు తెరుచుకుంటుంది, అందుకని దానికో పని పెడతా."

మరి వాడి వైపు ఎందుకు చూడవంటే, "చూస్తే అది ఎదురుచూడటం కాదురా, నిలదీయటం" అంది.

ఎక్కం మొత్తం అయిపోయినా జవాబు రాకపోతే "రేపు చెబుదువుగానిలే, కూర్చో" అనేది. ఆ మాట చాలామంది పంతుళ్లు అంటారు. మరునాడు గుర్తుపెట్టుకుని వాణ్ణే లేపి అదే ప్రశ్న అడగటం మాత్రం అత్తలోనే చూశాను. అంతా అందులోనే ఉందనిపిస్తుంది నాకు. ఆ రాత్రి ఆ పిల్లాడు అమ్మనో అన్ననో అడిగి తెలుసుకుని వచ్చేవాడు, ఎందుకంటే టీచరమ్మ మరచిపోదని వాడికి తెలుసు.

చాలా ఏళ్ల తర్వాత మేరీ బడ్ రో అనే అమెరికా పరిశోధకురాలి గురించి చదివాను. 1970లలో ఆమె తరగతి గదుల్లోని సంభాషణలను టేపుల్లో రికార్డు చేసి, ప్రశ్నకూ జవాబుకూ మధ్య ఉన్న మౌనాన్ని కొలిచింది. ఉపాధ్యాయులు సగటున ఒక్క సెకను పాటే ఆగుతున్నారని తేలింది. 3 సెకన్లు ఆగితే చాలు, పిల్లల జవాబులు పెద్దవయ్యాయి, వెనకబడ్డారనుకున్నవాళ్లు కూడా నోరు విప్పారు. రెండో ఎక్కం రెండయిదుల దాకా మెల్లగా చదివి చూడండి. 3 సెకన్లు దాటిపోతుంది.

అత్త చెప్పిన మరో మాట ఏ పరిశోధనలోనూ నాకు కనబడలేదు. మన తెలుగు వాక్యంలో క్రియ చివర వస్తుంది. "నేను రేపు మీ ఇంటికి..." అని ఎవరైనా మొదలుపెడితే వస్తారో, రారో, రాలేరో, రావాలనుకుని మానుకున్నారో ఆఖరి మాట పడేదాకా తెలియదు. "మన మాటలో అసలు సంగతి తోకలో ఉంటుంది నాయనా, మధ్యలో అందుకుంటే తల మాత్రమే దొరుకుతుంది" అనేది.

1990ల మొదట్లో మా జిల్లాలో సంపూర్ణ అక్షరాస్యత ఉద్యమం జోరుగా నడిచింది. అత్త పగలు పిల్లలకు, రాత్రి లాంతరు వెలుగులో కూలికి వెళ్లొచ్చిన ఆడవాళ్లకు చదువు చెప్పేది. ఆ వాచకాల్లో సారా వల్ల చితికిపోయిన సంసారాల ముచ్చట ఉండేది. ఓ రాత్రి పాఠం చదివించి, "ఇప్పుడు ఈమె ఏం చేయాలమ్మా?" అని అడిగిందట. ఎవరూ పలకలేదు. రెండు పదులు ఇరవై అయిపోయింది, మూడో ఎక్కం కూడా అయిపోయింది. అప్పుడు, అంతకుముందు ఏనాడూ నోరెత్తని ఒకావిడ, పలక ఒళ్లో పెట్టుకుని, పాఠంలోని మనిషి గురించి కాకుండా తన ఇంటి గురించి చెప్పటం మొదలుపెట్టిందట. ఆ కాలంలోనే మా జిల్లా దూబగుంట ఆడవాళ్లు తమ ఊళ్లో సారా దుకాణం మూయించారు. అది రాష్ట్రమంతా పాకి, 1993 అక్టోబరు 1 నుంచి సారా నిషేధం వచ్చింది. అంత పెద్ద ఉద్యమంలో అత్త పాత్ర ఎంతో నేను చెప్పలేను. ఆ రాత్రి ఆవిడ మాట్లాడటానికి మాత్రం చోటిచ్చింది.

ఇంత దగ్గరగా చూసి పెరిగిన నేను ఇలా ఆగటం నేర్చుకున్నానా అంటే, చాలాకాలం నేర్చుకోలేదు. ఆఫీసులో నా కింద పనిచేసేవాళ్లు సగం చెప్పగానే మిగతా సగం నేనే పూర్తిచేసేవాణ్ణి. దాన్ని చురుకుదనం అనుకున్నాను. ఓ సాయంత్రం మా అమ్మాయి "నాన్నా, ఇవాళ స్కూల్లో నన్ను..." అంది. "తిట్టారా? హోంవర్క్ చేయలేదా?" అన్నాను. "ఏం లేదులే" అని లోపలికి వెళ్లిపోయింది. తనను వక్తృత్వ పోటీకి ఎంపిక చేశారని మర్నాడు వాళ్లమ్మ ద్వారా తెలిసింది. ఆ రాత్రి నాకు నిద్ర పట్టలేదు.

అప్పటినుంచి అభ్యాసం చేస్తున్నాను. మొదట్లో మనసులో ఎక్కం నడుస్తుంటే నా జవాబు కూడా పక్కనే తయారవుతుండేది, అది వినడం కాదు. చూపు దించుకుని చేతికి ఓ చిన్న పని ఇచ్చుకుంటే, చిక్కుడుకాయలు వలవటమో, బట్టలు మడత పెట్టటమో, కాస్త నయం. అమ్మాయి ఎక్కువ కబుర్లు చెప్పేది కూడా అప్పుడే. అన్నిచోట్లా ఆగమని అనను. పిల్లలు కొట్టుకుంటుంటే అత్త ఒక్క క్షణం కూడా ఆగేది కాదు.

పోయిన ఏడాది అత్తకు పక్షవాతం వచ్చింది. మాట పూర్తిగా పోలేదు, మెల్లగా, ముక్కలుగా వచ్చేది. నేను వెళ్లేసరికి మంచం చుట్టూ అందరూ ప్రేమగా ఆమె మాటలు అందుకుంటున్నారు. "నీళ్లా? దుప్పటా? మాత్ర కావాలా?" ఆమె మొహం గోడవైపు తిప్పుకుంటోంది. అందరూ భోజనాలకు లేచాక, మంచం పక్కన స్టూలు మీద కూర్చున్నాను. "ఆ... పిల్ల..." అంది. నేను చూపు దించుకుని దుప్పటి అంచు సర్దుతూ మొదలుపెట్టాను. రెండొకట్ల రెండు. రెండు రెళ్లు నాలుగు. ఇరవై దాటింది. మూడో ఎక్కంలో మూడేళ్లు ఇరవై ఒకటి దగ్గర ఉండగా అత్త గొంతు వినబడింది.

"...పలక తెచ్చుకుందా?"